గాజు పలక మీద న్యూరాన్లు విషాన్ని ఎలా పసిగడతాయి?

నమస్కారం అండీ. ఈరోజు ముందు ఒక చప్పుడు గురించి చెప్తాను. తాలింపులో ఆవాలు వేస్తే చిటపటమంటాయి కదా, ఒకసారి గుంపుగా, తర్వాత ఒకటీ అరా. బతికున్న న్యూరాన్ల నుంచి, అంటే నరాల కణాల నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను స్పీకర్‌కి కలిపితే దాదాపు అలాగే వినిపిస్తుంది. ఆ చిటపటలో తేడా వచ్చిందంటే, వాటికి ఏదో తగిలిందన్నమాట.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో డెంటన్ అని ఒక ఊరుంది. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో గుంటర్ గ్రాస్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఈ చిటపటను పట్టే పని మీదే ఉన్నారు. ఆ సంకేతాలను అందుకునే ఎలక్ట్రోడ్లు, అంటే సన్నని విద్యుత్ మొనలు ఉన్న పలక గురించి 1977లోనే పేపర్ రాశారాయన. గాజు పలక మీద 64 సన్నని ఎలక్ట్రోడ్లు. వాటికి వెళ్లే తీగలు కూడా పారదర్శకంగా ఉంటాయి, మైక్రోస్కోప్‌కి అడ్డు రాకుండా. ఎలుక పిండం వెన్నుపాము నుంచి తీసిన కణాలను దానిమీద పోసి, 37 డిగ్రీల వేడిలో, పోషక ద్రవంలో పెంచుతారు. కొన్ని వారాలకి అవి తీగలు చాచుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే కబుర్లు మొదలుపెడతాయి. నాకైతే ఇక్కడే ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు ఆ ద్రవంలో టెట్రోడోటాక్సిన్ వేశారనుకోండి, అంటే పఫర్ చేపలో ఉండే విషం. సంకేతం పుట్టడానికి కావాల్సిన సోడియం న్యూరాన్‌లోకి వెళ్లే దారిని అది మూసేస్తుంది. చిటపట ఆగిపోతుంది. ద్రవం మార్చి కడిగేస్తే మళ్లీ మొదలవుతుంది! కణాలు చావలేదు, నోరు మూతపడిందంతే. స్ట్రిక్నిన్ దీనికి పూర్తిగా రివర్స్. మన అడవుల్లో దొరికే ముష్టి గింజల్లో ఉండే విషం ఇదే. వెన్నుపాములో గ్లైసిన్ అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. స్ట్రిక్నిన్ ఆ బ్రేకును పట్టనివ్వదు. దాంతో కణాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మనిషికి మూర్ఛలా ఒళ్లు కొంకర్లు పోయేది ఇందుకే.

రసాయన పరీక్ష చేసే మెషిన్‌కి ఫలానా విషం ఉందా అని మనం ముందే అడగాలి. న్యూరాన్లకి ఆ అవసరం లేదు. పేరు తెలియని విషమైనా, నరాల పనికి అడ్డు తగిలితే చాలు, స్పందిస్తాయి. కాకపోతే దాని పేరేమిటో అవి చెప్పలేవు. ఆ పేరు తేల్చడానికి మళ్లీ మెషిన్ కావాల్సిందే.

ఇది మన ఇంటికి దూరం విషయం కాదండీ. దోమల లిక్విడ్ రిఫిల్‌లో, పత్తి చేలో కొట్టే మందుల్లో పైరెత్రాయిడ్లు అనే పురుగులను చంపే రసాయనాలు ఉంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ల్యాబ్‌లో టిమ్ షేఫర్ బృందం ఎలుక మెదడు కణాల మీద వీటిని పరీక్షించింది. మందు మోతాదు పెరిగేకొద్దీ చిటపట తగ్గుతూ వచ్చింది.

ఒక్క గర్భిణి ఎలుక పిండాల నుంచి బోలెడన్ని పలకలు తయారు చేసుకోవచ్చు. ఒక్కో మందుకీ ఎలుకల గుంపుని బలిపెట్టడం కన్నా ఇది ఎంతో నయమని నా నమ్మకం. ఇప్పుడు మనిషి మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) నుంచి కూడా న్యూరాన్లు పెంచుతున్నారు.

అయితే పలక మీద కాలేయం ఉండదు కదా. పారాథియాన్ అనే పురుగుమందు సంగతి చూడండి. నేరుగా దాని ప్రభావం తక్కువే. ఒంట్లోకి వెళ్లాక కాలేయమే దాన్ని పారాక్సాన్‌గా మారుస్తుంది. అసలు నరాలను దెబ్బతీసేది అదే. అంటే, పారాథియాన్ ఒక్కటే పోసి, చిటపట మారలేదు కాబట్టి మందు మంచిదే అనుకుంటే ఘోరంగా మోసపోతాం. అందుకే ఏదైనా మందు న్యూరాన్లని ఏమీ చేయలేదు అని ఎవరైనా చెప్తే, కాలేయం దాటొచ్చిన రూపాన్ని కూడా పోసి చూశారా అని నేను ముందు అడుగుతాను.