డోలీ ఎక్కినంత మాత్రాన మందు లోపలికి చేరదు
(తెలుగు భాషా దినోత్సవ సభ, పర్లాకిమిడి)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఏమీ అనుకోకండి.

గిడుగు రామమూర్తి గారి భాష గురించి మాట్లాడమన్నారు. మందుల షాపువాణ్ణి, నాకు ఆయన చెవులే గుర్తొస్తాయి. సవర కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారాయన. మింగిన మందు మనం చెప్పిన చోటికే వెళ్లదు, ఒళ్లంతా తిరుగుతుంది. మలేరియాకి వేరే దారి లేదు, సరే. మోకాలి నొప్పికి? నొప్పి ఉన్నచోటే చర్మం మీంచి ఎక్కిస్తే పోదా?

ఈ ఆశతోనే మా అబ్బాయి బెంగళూరు నుంచి వాళ్లమ్మకి ఒక నూనె సీసా తెచ్చాడు. 30 ఎం.ఎల్., రెండు వేల పైచిలుకు. మీద పెద్ద అక్షరాలతో ‘నానో సీబీడీ’. మూత తీసిందో లేదో మా ఇంటావిడ, "ఏవండీ, ఇది గంజాయి వాసన! పోలీసులొస్తారు" అని సీసాని బియ్యం డబ్బాలో దాచేసింది. మోహన, అడవ వైపు గంజాయి తోటలు నరికించిన వార్తలు చదివే జిల్లా మనది, ఆవిణ్ణి తప్పుపట్టలేను. మూడు రోజులు అన్నం కూడా అదే వాసన.

సీబీడీ అంటే కన్నబిడియోల్. గంజాయి జాతి మొక్కలోదే, కానీ మత్తెక్కించేది ఇది కాదు, అదే మొక్కలోని టీహెచ్‌సీ అనే ఇంకో పదార్థం. 1940లో అమెరికా రసాయన శాస్త్రవేత్త రోజర్ ఆడమ్స్ బృందం దీన్ని వేరుచేసింది, 1963లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మెషూలమ్ దీని నిర్మాణం తేల్చారు. నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది నూటికి సుమారు ఆరు పాళ్లే, మిగతాది చాలావరకు కాలేయం దగ్గరే ఖర్చయిపోతుంది.

చర్మం దారి సులువా అంటే అదీ కాదు. పైపొర మందం 10, 20 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), కానీ గోడ గట్టిది. చచ్చిన కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు అడుసు. సీబీడీ నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఆ కొవ్వు తగలగానే పుట్టింటికొచ్చిన కొత్త కోడలిలా అక్కడే ఉండిపోతుంది. కింద నీటి శాతం ఎక్కువున్న బతికున్న చర్మంలోకి దిగమంటే దిగదు.

అక్కడే నానో వాహకాలు, అంటే మందుని మోసుకెళ్లే అతి చిన్న సంచులు, కావాలి. నేను డోలీ అంటాను. రోడ్డులేని కొండ ఊళ్లనుంచి బాలింతని ఇంకా డోలీలోనే మోసుకొస్తున్నారు (ఆ సంగతి ఇంకో సభకు పెట్టుకుందాం, మొదలుపెడితే ఆపలేను). ఈ డోలీలు 100, 200 నానోమీటర్ల కొవ్వు సంచులు. మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. ఈథోసోమ్ అనే రకంలో ఆల్కహాల్ కలిపి ఆ అడుసుని మెత్తబరుస్తారు. ట్రాన్స్‌ఫర్సోమ్ అనే ఇంకో రకం ఒళ్లు వంచుకుని సందుల్లో దూరుతుంది. అలాగని డోలీ ఇంటి లోపలిదాకా వస్తుందనుకోకండి. చాలాసార్లు గుమ్మంలోనో, వెంట్రుక కుదుళ్లలోనో సరుకు దించేసి ఆగిపోతుంది.

2003లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు సీబీడీ ఈథోసోమ్‌ల పట్టీ వేస్తే ఎలుకల పాదం వాపు రాకుండా ఆగింది. మంచి పని. కానీ ఎలుక చర్మం మనదానికంటే పలచన, మందు తేలిగ్గా దూరుతుంది. మనిషి మోకీలు ఎంత లోతు! సీబీడీకి గట్టి రుజువున్నది పిల్లల్లో వచ్చే కొన్ని అరుదైన మూర్ఛలకి, అదీ తాగే మందుగా. అమెరికాలో 2018లో అనుమతిచ్చారు.

సీసా మీది నంబరుకి ఫోన్ చేశాను. "రేణువు సైజెంతమ్మా?" అన్నాను. "30 ఎం.ఎల్. సార్" అంది ఫోనెత్తిన అమ్మాయి. "అది సీసా సైజు. నానో అన్నారు కదా, ఎన్ని నానోమీటర్లు? మనుషుల చర్మం మీద పరీక్షించారా?" "నానో సార్, లోపలికెళ్లిపోతుంది సార్." మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే. ఒక బొట్టులో సీబీడీ ఎంతుందో కూడా లేబుల్ మీద లేదు. ఉన్నదంతా ఇంగ్లీషే. తెలుగూ లేదు, ఒడియా కూడా లేదు. ఈ రోజు పెట్టుకుని ఈ మాట అనకపోతే ఇంకెప్పుడంటాం చెప్పండి?

మా ఇంటావిడకి నొప్పి కాస్త తగ్గింది, కాదనను. రోజూ రాత్రి పావుగంట నేను మర్దనా చేశాను మరి. సీసా ఖాళీ అయ్యాక అందులో నువ్వుల నూనె పోశాను. ఆవిడకి తేడా తెలియలేదు, ఇవాళ్టిదాకా. ముందు వరసలో కూర్చుంది, ఇప్పుడు తెలిసింది.

మీ ఇళ్లలో అలాంటి సీసాలుంటే పడేయకండి. షాపుకి పట్టుకురండి, లేబుల్ చదివి తెలుగులో చెబుతాను. మధ్యాహ్నం ఒంటిగంటకి మూసేస్తాను, ఈలోపే రండి.