ఫోల్డర్‌లోకి వెళ్లిన మెయిల్‌కి ఫోన్ ఎందుకు మోగదు?

[తెర: లాప్‌టాప్‌లో ‘బిల్లులు’ ఫోల్డర్ పక్కన 3 అని కనిపిస్తుంది. పక్కనే ఉన్న ఫోన్‌లో నోటిఫికేషన్ ఏదీ లేదు.]

కంప్యూటర్‌లో మూడు కొత్త మెయిల్స్ ఉన్నాయి. ఫోన్ మాత్రం కిక్కురుమనలేదు. సెట్టింగ్స్‌లో చూస్తే నోటిఫికేషన్స్ ఆన్‌లోనే ఉన్నాయి, సౌండ్ కూడా ఉంది. మరి ఎక్కడ తేడా కొట్టింది?

మీరు పెట్టుకున్న ఫిల్టర్ దగ్గరే. ఫిల్టర్ అంటే ఫలానా మెయిల్స్‌ని వాటంతటవే ఒక ఫోల్డర్‌లోకి పంపే ఏర్పాటు. ఫిల్టర్ సర్వర్‌లో, అంటే మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లో ఉంటే, మెయిల్ ఇన్‌బాక్స్ గడప తొక్కకుండానే నేరుగా ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. చాలా మెయిల్ యాప్‌లు మనం చెప్పకపోతే ఇన్‌బాక్స్‌నొక్కదాన్నే కనిపెట్టుకుని ఉంటాయి.

[తెర: సర్వర్ నుంచి ఫోన్‌కి ఒక గీత. అది ఇన్‌బాక్స్ దగ్గర ఆగుతుంది.]

దీనికి పాత కారణం ఒకటుంది. సర్వర్‌లోని మెయిల్‌ని యాప్‌లు చూపించడానికి వాడే ఐమ్యాప్ పద్ధతిలో కొత్త మెయిల్ రాగానే కబురు చెప్పే ఏర్పాటు పేరు ఐడిల్. 1997లో వచ్చింది. ఇందులో ఒక కనెక్షన్ ఒక్క ఫోల్డర్‌నే కాపలా కాయగలదు. పది ఫోల్డర్లు కావాలంటే పది కనెక్షన్లు తెరిచి ఉంచాలి, బ్యాటరీ సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఎన్నో ఫోల్డర్లను ఒకేసారి గమనించే నోటిఫై అనే పద్ధతిని 2009లోనే రాశారు గానీ, దాన్ని అమలు చేసిన సర్వర్లు తక్కువ.

ఇక పనిలోకి దిగుదాం. ఆండ్రాయిడ్‌లో జీమెయిల్.

[తెర: జీమెయిల్ సెట్టింగ్స్, అకౌంట్, మేనేజ్ లేబుల్స్.]

జీమెయిల్‌లో ఫోల్డర్‌ని లేబుల్ అంటారు. సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ నొక్కి, మేనేజ్ లేబుల్స్‌లోకి వెళ్లి, కావలసిన లేబుల్ ఎంచుకోండి. ముందు చూడాల్సింది సింక్ మెసేజెస్. అది ‘నన్’ అని ఉంటే ఆ లేబుల్ మెయిల్స్ ఫోన్‌లోకి దిగవు, దిగని మెయిల్‌కి ఫోన్ మోగదు. ‘లాస్ట్ 30 డేస్’ పెట్టండి. ఆ తర్వాతే లేబుల్ నోటిఫికేషన్స్ టిక్ చేయడం కుదురుతుంది. దాని కిందే ‘నోటిఫై ఫర్ ఎవ్రీ మెసేజ్’ ఉంటుంది, దాన్నీ టిక్ చేయండి. లేకపోతే మొదటి మెయిల్‌కి మోగి, మీరు యాప్ తెరిచేదాకా తర్వాతివాటికి ఊరుకుంటుంది. సగం మంది ఇక్కడే ఆగిపోతారని నా అనుమానం.

ఐఫోన్ జీమెయిల్ యాప్‌లో ఈ లేబుల్ మెనూ ఉండదు. అక్కడ దారి వేరు: కంప్యూటర్‌లో ఫిల్టర్ తెరిచి ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’ టిక్ తీసేయండి. లేబుల్ పడుతుంది, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ ఉంటుంది. ఇన్‌బాక్స్ కాస్త నిండుతుంది, తప్పదు.

ఐఫోన్ సొంత మెయిల్ యాప్‌లో ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు మెయిల్) అకౌంట్ ఉందా? సెట్టింగ్స్‌లో మెయిల్ అకౌంట్స్, అందులో ఫెచ్ న్యూ డేటా. అక్కడ అకౌంట్ నొక్కితే ఫోల్డర్ల జాబితా వస్తుంది. ఏవి వెంటనే దిగాలో వాటికి టిక్ పెట్టండి.

ఆండ్రాయిడ్‌లో థండర్‌బర్డ్, కే-9 అనే మెయిల్ యాప్‌లు వాడేవాళ్లకు పని తేలిక. మేనేజ్ ఫోల్డర్స్‌లో ఫోల్డర్‌ని నొక్కితే పుష్ (మెయిల్ రాగానే ఫోన్‌కి చేరడం), నోటిఫికేషన్ రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

[తెర: లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్. నొక్కితే ఇన్‌బాక్స్ ఖాళీ.]

ఇంకో చిత్రం చూడండి. ఫోన్ మోగింది, నొక్కారు, మెయిల్ లేదు! ఫిల్టర్ సర్వర్‌లో కాకుండా కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. మెయిల్ ముందు ఇన్‌బాక్స్‌లో పడుతుంది, ఫోన్ మోగుతుంది, ఈలోగా కంప్యూటర్ దాన్ని ఫోల్డర్‌లోకి లాగేస్తుంది. కంప్యూటర్ ఆపేస్తే ఫిల్టర్ కూడా పనిచేయదు. అందుకే ఫిల్టర్లను మెయిల్ వెబ్‌సైట్‌లోనే పెట్టుకోవడం మేలు.

అన్ని ఫోల్డర్లకూ మోగేలా పెట్టకండి. అలా పెడితే అసలు ఫిల్టర్ ఎందుకు పెట్టుకున్నట్టు? బ్యాంకు, ఆఫీసు లాంటివి ఒకటి రెండు చాలు.

అన్నీ పెట్టాక వేరే అకౌంట్ నుంచి, ఆ ఫిల్టర్‌కి తగిలేలా ఒక మెయిల్ పంపి ఫోన్ లాక్ చేసి చూడండి. అప్పటికీ మోగకపోతే బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని నిద్రపుచ్చిందేమో చూడండి.