చెంబుడు నీళ్ల పరీక్ష: ఇంటి గ్యారేజీలో 1967 మస్టాంగ్

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇదే గదిలో ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి చెప్పినప్పుడు ఎంతమంది వచ్చారో ఇవాళా అంతమందే ఉన్నారు. అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది. నేను మెకానిక్‌ని కాదు, మెకానిక్ కొడుకుని. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది. నా చేతికి పానా తగలకూడదని పట్టుబట్టి చదివించాడు. చదువుకుని, ఉద్యోగం చేసుకుంటూ మిషిగన్ దాకా వచ్చి, నలభై రెండో ఏట 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారు కొని, బాగుచేయడానికి ఎదురు డబ్బులిచ్చి మరీ పానా పట్టుకున్నాను. ఇవాళ చెప్పేది ఆ కారు కథే.

ఈ సంచిలో మూడు వస్తువులున్నాయి. తుప్పు పట్టిన రేకు ముక్క, ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం, పాడైపోయిన కాంషాఫ్ట్, అంటే ఇంజన్‌లో వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసు. ఒక్కొక్కటీ వెనక వరస దాకా పోనివ్వండి. రేకు ముక్కని కవర్లోంచి తీయకండి, ఆ మరక బట్టలకి అంటితే పోదు.

మస్టాంగ్ మజిల్ కారా కాదా అని ఒక తగాదా ఉంది, ముందు అది తేల్చేస్తాను. మజిల్ కారంటే మధ్యరకం సైజు బాడీలో పెద్ద కారు ఇంజన్ దింపింది. 1964లో జనరల్ మోటార్స్‌లో భాగమైన పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ అనే తమ మధ్యరకం కారులో 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ పెట్టి జీటీవో అన్నారు. ఆ సైజు కార్లకి 330 దాటకూడదని జనరల్ మోటార్స్ పెద్దల రూలు. ఆ రూలు మోడల్‌కే గానీ కొనేవాడు అడిగి వేయించుకునే ఆప్షన్‌కి కాదు కదా అని పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్ బృందం సందు కనిపెట్టింది. మనవాళ్లెవరో ఉండే ఉంటారు ఆ బృందంలో అనిపిస్తుంది నాకు. ఆ ఏడాదే ఏప్రిల్ 17న ఫోర్డ్ వాళ్లు 2,368 డాలర్ల ధరకి మస్టాంగ్ తెచ్చారు. అది చిన్న కారు కాబట్టి పండితులు దాన్ని పోనీ కారంటారు, మజిల్ కారంటే ఒప్పుకోరు. నాది 289 ఇంజన్, రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్, అంటే గాలీ పెట్రోలూ కలిపే పరికరానికి రెండు నోళ్లు. అది మజిల్ కారేనని వాదించే ఓపిక నాకు లేదు. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్తే ఎవరూ వెనక్కి పంపలేదు, అది చాలు.

బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి రేకు మీద కారు గుర్తింపు నంబరు గుద్ది ఉంటుంది. నా కారుది 7ఎఫ్01సీ అని మొదలవుతుంది. 7 అంటే 1967. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, అంటే నేను రోజూ ఆఫీసుకి వెళ్లే దారి. 01 అంటే హార్డ్‌టాప్, అంటే పైకప్పు మడిచే రకం కాకుండా గట్టి రేకుది, సీ అంటే ఈ 289 ఇంజనే. ఆ ఏడాది 4,72,000 మస్టాంగ్‌లు తయారైతే అందులో 3,56,000 దాకా హార్డ్‌టాప్‌లే. అంటే నా కారు మ్యూజియం సరుకు కాదు. చెప్పుకోవడానికి చిన్నతనం, పని చేసుకోవడానికి మహా సుఖం. అదే నంబరులో సీ బదులు కే ఉండుంటే 271 హార్స్‌పవర్ ఇంజను, అరుదైన బండి. అప్పుడు ఒక్క బోల్టు మార్చాలన్నా చేయి వణికేది. మీకు దొరికింది అలాంటిదైతే మార్పుల మాట మర్చిపోయి ఉన్నదున్నట్టు బాగుచేయండి. నాలాంటి మామూలు బండైతే మార్చుకోండి, చరిత్రకేం లోటు రాదు.

ఇప్పుడా అయస్కాంతం ఎవరి దగ్గరుంది? దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి కారంతా తడమాలి. రేకున్న చోట అతుక్కుంటుంది, లప్పం ఉన్న చోట జారిపోతుంది. నేను కొన్న రోజు ఈ పని చేయలేదు. ఎర్ర రంగు మెరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక తడిమితే వెనక చక్రం పైన అయస్కాంతం నిలబడనే లేదు. గీకితే రెండు వేళ్ల మందం లప్పం. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారని మీకు తెలుసు. ఇక్కడ తిరిగిన పాత కారు ఏదైనా సరే, రంగు చూసి కొన్నవాడు లప్పం కొన్నట్టే.

మా ఆవిడ అప్పుడొక మాటంది. "కార్లు పెట్టుకునే చోట కారు పెట్టావు, తప్పేం లేదు. మన కార్లు మాత్రం మంచులో పడి ఉండాలి." నాలుగు చలికాలాలు అలాగే గడిచాయి. ఊడదీసిన నట్లూ బోల్టులూ ఆవకాయ సీసాల్లో వేసి పేర్లు రాసి పెట్టాను. ఒక సీసా మీద "హెడ్‌లైట్" అనీ దాని పక్కదాని మీద "గోంగూర" అనీ ఉండేది. రెండోదాంట్లో ఏముందో ఎప్పటికీ గుర్తుండేది కాదు.

ఆ రేకు ముక్క డ్రైవర్ కాళ్లు పెట్టుకునే చోటిది. కార్పెట్ ఎత్తితే కింద తారు, తారు కింద ఫైబర్‌గ్లాసు, దాని కింద గ్యారేజీ నేల కనిపించింది. పాత యజమానులు ఒకరి తర్వాత ఒకరు కప్పుకుంటూ వచ్చారు. సరే, మిగ్ వెల్డింగ్ మిషన్ కొన్నాను, నేర్చుకున్నాను, నేల రేకులు రెండు వైపులా కొత్తవి వేశాను. పలచటి రేకు కాబట్టి గీతలాగా వరసగా వెల్డింగ్ చేస్తే వేడికి అప్పడంలా వంకర తిరుగుతుంది. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ వెనక్కొచ్చి మధ్యలో ఒకటి, అలా పెట్టుకుంటూ పోవాలి. ఇంకొకటి, ప్రాణానికి సంబంధించింది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద వెల్డింగ్ చేయకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

కొత్త రేకుకి రంగేసి, కొత్త కార్పెట్ పరిచి, కారుని బయటికి తోసి పైపుతో కడిగాను. మర్నాడు చూస్తే కార్పెట్ తడి. ఆరబెట్టాను. తర్వాతి వారం వాన, మళ్లీ తడి.

ఆ వేసవిలో నాన్న వచ్చాడు. డెబ్బై రెండేళ్లు. వచ్చిన రెండో రోజే స్వెట్టర్ వేసుకుని గ్యారేజీలో కుర్చీ వేయించుకున్నాడు. నా వెల్డింగ్ వేలితో తడిమి చూశాడు. బాగుందనలేదు, బాలేదనీ అనలేదు.

"రేకు కొత్తదేశావు. తడి ఎక్కణ్ణుంచి దిగుతోందో చూశావంట్రా?"

"తలుపు రబ్బర్లు పాతవి నాన్నా, అవి మార్చాలి."

"తలుపు రబ్బరైతే గుమ్మం దగ్గర తడవాలి గదా. ఇది పైన, పెడళ్ల వెనకాల తడిసింది. నువ్వు లోపల పడుకో."

నేను టార్చి పట్టుకుని, తల పెడళ్ల కింద, కాళ్లు బయట పెట్టి పడుకున్నాను. ఆయన ఇంట్లోంచి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చి, ముందు అద్దానికీ బానెట్‌కీ మధ్య జల్లెడలాంటి చీలికలుంటాయి చూడండి, దాన్ని కౌల్ అంటారు, అందులో పోశాడు. రెండో చెంబుకి డాష్‌బోర్డు లోపలి నుంచి ఒక చుక్క నా నుదుటి మీద పడింది. మూడో చెంబుకి ధార కట్టింది. లోపలి నుంచి ఆపమని అరుస్తుంటే ఆయన ఇంకో చెంబు పోశాడు, నిదానంగా.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఆ చీలికల కింద రేకుతో చేసిన పెట్టె ఉంటుంది. వాన నీళ్లు అందులో పడి రెండు పక్కలకీ పారి, మడ్‌గార్డుల వెనక నుంచి కిందికి పోవాలి. కారులోకి గాలి వచ్చే రంధ్రాలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. వాటి చుట్టూ నీళ్లు రాకుండా బావి గట్టులాగా రేకు అంచు లేపి ఉంటుంది. యాభై ఏళ్ల ఆకులు ఆ పెట్టెలో చేరి, కుళ్లి, తడి పట్టుకుని ఉండి ఆ గట్టు మొదలంటా తుప్పు పట్టిపోయింది. ఇంక నీళ్లకి అడ్డమేముంది? ఆ కాలపు మస్టాంగ్‌లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. కొనేముందు కౌల్ మీద చెంబుడు నీళ్లు పోసి చూస్తే తెలిసిపోయేది.

దాన్ని బాగుచేయాలంటే బానెట్, మడ్‌గార్డులు, ముందు అద్దం తీయాలి. తర్వాత పై రేకుని పట్టి ఉంచిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒక్కొక్కటే వెతికి డ్రిల్లు చేయాలి. నూట ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాను. రేకు లేపిన రోజు లోపల బకెట్టెడు మట్టి, ఎలక గూడు, 1972 నాటి ఒక సెంటు నాణెం దొరికాయి. నాణెం నాన్న జేబులో వేసుకున్నాడు.

ఇంకో విషయం దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన కుర్రాళ్లు అందరూ మొదట అడిగేది హార్స్‌పవర్ గురించే. నా 289 ఇంజన్‌కి కంపెనీ చెప్పింది 200. ఆ రోజుల్లో ఇంజన్‌ని స్టాండు మీద పెట్టి, మామూలు సైలెన్సర్ గొట్టాల్లాంటి బరువులేవీ లేకుండా కొలిచేవాళ్లు. 1972 నుంచి కారులో ఉన్నట్టే కొలవడం మొదలుపెట్టేసరికి అందరి అంకెలూ ఒక్కసారిగా పడిపోయాయి. అందుకని పాత అంకెల్ని ఇప్పటి అంకెలతో పోల్చి మురిసిపోకండి. పైగా నా కారు ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు. వాటి మీద నీళ్లు పడితే ఒక పక్కకి లాగుతాయి. దిగుడులో నాలుగు సార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి, ఐదోసారి పెడల్ గట్టిగా ఉంటుంది గానీ కారు ఆగదు. ఆ కారుకి ఇంకా పవరు కావాలని నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్ పెట్టడమంటే కళ్లెం లేని గుర్రానికి కారప్పొడి పెట్టడమే. నేను మొదట ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేశాను. తర్వాత నడుముకే ఉన్న బెల్టులు తీసి భుజం మీదుగా వచ్చేవి పెట్టాను.

మూడోది ఎవరికీ పెద్దగా తెలియదు. ఈ కార్లలో డిక్కీ నేలా పెట్రోలు ట్యాంకు పైరేకూ ఒకటే. మీరు సూట్‌కేసు పెట్టేది నేరుగా ట్యాంకు మీద. ట్యాంకుకీ వెనక కూర్చున్న పిల్లలకీ మధ్య సీటు, ఒక అట్టముక్క తప్ప ఏమీ ఉండదు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే పరిస్థితి ఊహించుకోండి. సీటు వెనకాల ఉక్కు రేకు అడ్డంగా వేసి సీలు చేశాను. ఒక శనివారం పని. బయటికి కనపడదు, ఫొటోల్లో రాదు, నేను చేసిన మార్పులన్నిట్లో నాకు బాగా నచ్చింది అదే.

కాంషాఫ్ట్ ఎంతదాకా వచ్చింది? దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎత్తులు ఉంటాయి. ఒకటి మాత్రం దాదాపు గుండ్రంగా అరిగిపోయి ఉంది, వేలు పెట్టి చూడండి. అది యాభై ఏళ్లకి అరగలేదు. పది నిమిషాల్లో అరిగింది.

ఇంజన్ బోరుకొచ్చిందని వర్క్‌షాపులో బోరు చేయించి, కొత్త కాంషాఫ్ట్, దాని ఎత్తుల మీద ఆనుకుని వాల్వుల్ని లేపే కొత్త ట్యాపెట్లు వేసి, మొదటిసారి స్టార్ట్ చేశాం. నాన్న పక్కనే ఉన్నాడు. "కొత్త ఇంజను, రేజు చేయకు, స్లోలో తిరగనీ" అన్నాడు. లారీ ఇంజన్లతో ఆయన ఆయుష్షంతా అలాగే చేశాడు. నేను పుస్తకంలో వేరేగా చదివాను. అయినా కౌల్ విషయంలో ఒకసారి తల దించుకున్నవాణ్ణి, నోరు మూసుకుని స్లోలోనే ఉంచి కార్బ్యురేటర్ సరిచేస్తూ కూర్చున్నాను. మర్నాటికి టకటకమని చప్పుడు. కవరు తీసి చూస్తే ఒక వాల్వు సరిగా లేవడం లేదు.

జరిగిందేంటంటే, ఈ పాతరకం ట్యాపెట్ అడుగు చదునుగా కనిపిస్తుంది గానీ మధ్యలో కొంచెం ఉబ్బుంటుంది. కాంషాఫ్ట్ ఎత్తుకి కొంచెం వాలు ఉంటుంది. ఆ రెండూ కలిసి ట్యాపెట్‌ని గిర్రున తిప్పుతాయి. తిరుగుతూ ఒకదానికొకటి నునుపు తేరతాయి. దానికి నూనె బాగా అందాలి, ఆ నూనె పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, వేగంగా తిరిగినప్పుడే చిమ్ముతుంది. స్లోలో ఉంచితే నూనె చాలదు, స్ప్రింగు అదిమిపెడుతుంది, ట్యాపెట్ తిరక్కుండా గీరుకుంటుంది. ఆ ఇనప రజను ఇంజనంతా తిరిగింది. మళ్లీ మొత్తం విప్పాను, బేరింగులు మార్చాను. పైగా ఇప్పటి ఇంజన్ ఆయిల్లో అరుగుదల ఆపే జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారు, పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్లు పాడవుతాయని. పాత ఇంజన్‌కి జింకు ఉన్న ఆయిలే వెతికి పోయాలి.

రెండోసారికి నాన్న వెళ్లిపోయాడు. డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పి ముందే నూనె ఎక్కించాను. స్పార్క్ ప్లగ్గుల వైర్లు సిలిండర్లు అంటుకునే 1-5-4-2-6-3-7-8 వరసలో ఉన్నాయో లేదో మూడుసార్లు చూసుకున్నాను. అంటుకున్న క్షణం నుంచి 2000 ఆర్పీఎం మీద ఇరవై నిమిషాలు, గడియారం చూస్తూ. పక్కింటాయన కుక్కతో సహా వచ్చి నిలబడ్డాడు. నాన్న వాట్సాప్ వీడియోలో చూస్తూ, "లారీకి ఇలా చేస్తే ఓనరు తంతాడ్రా" అన్నాడు. కానీ ఇరవై నిమిషాలూ ఫోన్ పెట్టలేదు.

రంగు గురించి చెప్పను, అది నేను చేయలేదు. ఇప్పటి రెండు డబ్బాలు కలిపే క్లియర్ కోట్‌లో ఐసోసయనేట్లుంటాయి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. మామూలు మాస్కుతో ఇంటి గ్యారేజీలో కొట్టే పని కాదు. డబ్బులిచ్చి షాపులో వేయించాను. మొత్తం ఖర్చెంత అని అడుగుతారు. 18,000 డాలర్ల దగ్గర లెక్క రాయడం ఆపేశాను. ఆ పుస్తకం ఎక్కడుందో మా ఆవిడకి తెలియదు, దయచేసి ఎవరూ చెప్పకండి.

కారు బయట పార్కింగ్‌లో, చెట్టు కింద ఉంది. టీ తాగి రండి. ఎవరికైనా నమ్మకం లేకపోతే నీళ్ల సీసా తెచ్చుకోండి, కౌల్ మీద పోయనిస్తాను, కార్పెట్ ముట్టుకుని చూడొచ్చు. డ్రైవర్ వైపు అద్దం మాత్రం దించకండి. దిగుతుంది, మళ్లీ ఎక్కదు.