హిరోషిమా బండి: మాజ్డా అంటే డ్రైవింగ్ ఇష్టమున్నవాళ్లకి ఎందుకంత ప్రాణం?

నమస్తే అండీ అందరికీ. మాజ్డా అనే పేరు మన ఊళ్లలో ముందుగా కారు మీద కనిపించలేదు. స్వరాజ్ మాజ్డా అని మినీ బస్సుల మీద, చిన్న లారీల మీద కనిపించింది. స్కూలు బస్సుగా ఎక్కినవాళ్లున్నారు, పెళ్లివారి బండిగా ఎక్కినవాళ్లున్నారు. 1980లలో జపాన్ కంపెనీలు చిన్న లారీల కోసం మన దేశంలో జట్టు కట్టాయి. మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ వచ్చింది, పంజాబ్‌లో స్వరాజ్ మాజ్డా వచ్చింది. 2011లో ఆ పంజాబ్ కంపెనీ ఎస్‌ఎంఎల్ ఇసుజు అయ్యాక కొత్త బండ్ల మీద మాజ్డా పేరు కూడా పోయింది. కార్లయితే ఇక్కడ అమ్మనే లేదు.

అందుకే అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లి మొదటి కారు కొనే మనవాళ్లు కామ్రీ, కరోలా, సివిక్ దగ్గరే ఆగిపోతారు. వాటి పక్కనే మాజ్డా వాళ్ల చిన్న ఫ్యామిలీ కారు మాజ్డా3 ఉంటుంది. ధర ఇంచుమించు అంతే. "ఇదేం బండి, తీసుకోవచ్చా?" అని నన్ను అడుగుతూ ఉంటారు. నా జవాబు కొంచెం పెద్దది. ఎందుకంటే మాజ్డా ఎలాంటి కంపెనీయో తెలిస్తేనే ఆ కారు ఎందుకలా నడుస్తుందో అర్థమవుతుంది. మామూలు జీతగాడు కొనే బండిలో కూడా నడిపే ఆనందం ఉండి తీరాలని పట్టుపట్టిన కంపెనీ అది. ఆ ఆనందం కోసం ఇంజిన్ బలం కన్నా ఎక్కువగా బరువుతో పోరాడిన కంపెనీ.

హిరోషిమాలో 1920లో మొదలైంది. అప్పుడు కార్లు లేవు, ఇంజిన్లు లేవు. బెండుతో సరుకులు చేసే ఫ్యాక్టరీ. మరుసటి ఏడాది జుజిరో మత్సుదా దాని పగ్గాలు పట్టుకున్నారు. 1931లో మాజ్డా-గో అని మూడు చక్రాల సరుకు బండి తెచ్చారు. ముందు మోటార్‌సైకిల్‌లా ఉంటుంది, వెనక తొట్టి.

1945 ఆగస్టు 6న ఆ ఊరి మీద అణుబాంబు పడింది. ఆ రోజు జుజిరో మత్సుదా పుట్టినరోజు కూడా. ఫ్యాక్టరీ ఊరికి తూర్పున ఫుచూలో ఉంది. మధ్యలో హిజియామా అనే చిన్న కొండ అడ్డం రావడంతో గోడలు, యంత్రాలు చాలావరకు నిలబడ్డాయి. ఊళ్లో ఉన్న ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు మాత్రం చాలామంది పోయారు. జిల్లా పాలనకి నిలబడ్డ కట్టడం లేక ప్రభుత్వ కార్యాలయాన్నే కొన్ని నెలలు ఈ ఫ్యాక్టరీలో నడిపారు. అదే ఏడాది డిసెంబర్‌కల్లా మూడు చక్రాల బండ్లు మళ్లీ బయటికి వచ్చాయి. కాలిపోయిన ఊరిని తిరిగి కట్టడానికి మట్టీ కలపా మోసింది అవే. హిరోషిమా జనానికి ఈ కంపెనీ మీద ఉన్న మమకారం అక్కడ మొదలైంది. వాళ్ల బేస్‌బాల్ జట్టు హిరోషిమా టోయో కార్ప్ పేరులో ఉన్న టోయో కూడా ఈ కంపెనీ పాత పేరు టోయో కోగ్యో నుంచి వచ్చిందే.

1960లో మొదటి కారు, ఆర్360. 356 సీసీ ఇంజిన్, ధర 3 లక్షల యెన్లు. అప్పటి జపాన్‌లో సామాన్యుడు ఆశపడగలిగే ధర అది. అయితే టొయోటా, నిస్సాన్ లాంటి పెద్దవాళ్ల మధ్య చిన్న కంపెనీ తన ఉనికి నిలుపుకోవాలి. జుజిరో కొడుకు త్సునెజి మత్సుదా జర్మనీ వెళ్లి, ఎన్‌ఎస్‌యూ అనే కంపెనీ దగ్గర రోటరీ ఇంజిన్ లైసెన్స్ కొన్నారు.

ఈ ఇంజిన్ గురించి కొంచెం నిదానంగా చెప్తాను. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. రోటరీలో పిస్టనే లేదు. త్రికోణంలాంటి రోటర్ ఒక డొల్లలో తిరుగుతూనే గాలీ పెట్రోలూ పీల్చి, నొక్కి, మండించి, పొగ బయటికి తోసేస్తుంది. భాగాలు తక్కువ, సైజు చిన్నది, అదురు లేదు. కానీ ఆ త్రికోణం మూడు కొనల దగ్గర ఉండే సీల్స్ డొల్ల లోపలి గోడని గీకేసేవి. కొన్ని గంటలు తిప్పితే గోడంతా గాట్లు. మాజ్డా ఇంజినీర్లు వాటిని దెయ్యం గోళ్ల గీతలు అన్నారు. కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు ఆ ఒక్క సమస్య మీద ఏళ్లతరబడి కూర్చున్నారు. చివరికి కార్బన్‌లోకి అల్యూమినియం ఎక్కించిన సీల్స్‌తో దారి దొరికింది. 1967లో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. లైసెన్స్ తీసుకున్న పెద్ద పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా వదిలేసిన ఇంజిన్ అది.

దెబ్బ కూడా దానివల్లే తగిలింది. 1973లో చమురు సంక్షోభం వచ్చింది, రోటరీ ఏమో పెట్రోలు తాగేస్తుంది. అమెరికాలో అమ్మకాలు కుప్పకూలాయి. సుమితోమో బ్యాంకు ఆదుకుంటే కంపెనీ బతికింది. ఫ్యాక్టరీ కార్మికుల్ని షోరూంలకి పంపి కార్లు అమ్మించారు.  

ఇక అసలు బండికి వద్దాం. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల పాత్రికేయుడు హిరోషిమాలో యమమోతోని కలిశాడు. అప్పటికి బ్రిటన్‌లో ఎంజీ, ట్రయంఫ్ లాంటి చిన్న టాప్‌లెస్ స్పోర్ట్స్ కార్ల కాలం ముగుస్తోంది. నడిపితే ఎంతో బాగుండేవి, కానీ ఆయిల్ కారేది, కరెంటు పనులు మొరాయించేవి. అలాంటి సరదా బండిని చెడిపోకుండా, తక్కువ ధరకి మీరెందుకు చేయకూడదు అని అడిగాడాయన. యమమోతో ఆ మాట మర్చిపోలేదు. 1981లో బాబ్ హాల్ మాజ్డాలోనే చేరాడు.

కంపెనీలో మూడు ప్రతిపాదనలు పోటీపడ్డాయి. టోక్యో బృందం రెండు తెచ్చింది: ఇంజిన్ ముందు పెట్టి ముందు చక్రాలకి బలం ఇచ్చేది ఒకటి, ఇంజిన్ మధ్యలో పెట్టేది ఇంకొకటి. కాలిఫోర్నియా బృందం ఇంజిన్ ముందు, బలం వెనక చక్రాలకి అంది. కాలిఫోర్నియా గెలిచింది. దాన్ని బండిగా మలిచే పని తోషిహికో హిరాయి చేతిలో పెట్టారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఎంఎక్స్-5 మియాటా తెర తీశారు.

అంకెలు చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. ఇంజిన్ మూలం కూడా మాజ్డా 323 అనే మామూలు ఫ్యామిలీ కారుదే. మరి జనం ఎందుకు పిచ్చెక్కిపోయారు? బండి బరువు టన్నుకి లోపే. అంతకన్నా ముఖ్యం, ఆ బరువు ఎక్కడ ఉందనేది. ఇంజిన్‌ని ముందు చక్రాల ఇరుసుకి వెనక్కి జరిపారు. బ్యాటరీని డిక్కీలోకి పంపారు. ముందూ వెనకా బరువు ఇంచుమించు సగం సగం. కావడి మోసేటప్పుడు కుండలు రెండు చివర్లకి వేలాడుతుంటే సందు మలుపు తిరగడం కష్టం, భుజానికి దగ్గరగా జరిపితే సునాయాసంగా తిరుగుతారు. మియాటా మలుపులో అంత చురుగ్గా తిరగడానికి కారణం అదే, బరువంతా డ్రైవర్ చుట్టూ పోగైంది.

గేరుబాక్సునీ, వెనక చక్రాలకి బలం పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఒకటి వేశారు. యాక్సిలరేటర్ తొక్కితే బలం ఎక్కడా మెలికపడకుండా నేరుగా చక్రానికి చేరుతుంది. కాలు కదిపిన క్షణానికీ బండి కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం ఉండదు. గేరు రాడ్ పొట్టిది, మణికట్టు తిప్పితే గేరు పడుతుంది. సైలెన్సర్ శబ్దం ఎలా ఉండాలో కూడా కూర్చుని విని విని సరిచేశారు. రౌతూ గుర్రమూ ఒక్కటై సాగాలని వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. బండి మాట వినడం అంటారు చూడండి మన డ్రైవర్లు, అచ్చం అదే.

ధర 13,800 డాలర్లు. అది చూసే నాకు ఈ కంపెనీ మీద గౌరవం పెరిగింది. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ అనే ఖరీదైన రకం సస్పెన్షన్ పెట్టి, ఇంత లెక్కగా కట్టి, ఫ్యామిలీ కారు ధర చుట్టుపక్కల అమ్మారు. డీలర్లు పైన ఇంకా వేలకి వేలు కలిపి అడిగినా జనం కొన్నారు. 2000లో రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఎక్కువ అమ్ముడైనదిగా గిన్నిస్‌కి ఎక్కింది. 2016లో పది లక్షలో బండి తయారైంది. 2015లో నాలుగో తరం వచ్చినప్పుడు, మిగతా కంపెనీల కార్లు తరానికి ఇంత లావెక్కుతుంటే, మాజ్డా దాన్ని పాతదానికన్నా తేలిక చేసింది. జపాన్‌లో అమ్మిన 1.5 లీటర్ల బేస్ మోడల్ 990 కిలోలే.

తేలికదనం రేసులోనూ పనికొచ్చింది. 1991లో ఫ్రాన్స్‌లో 24 గంటల ల మాన్ పోటీ. మాజ్డా 787బి, నారింజ-ఆకుపచ్చ రంగు, 55 నంబరు, నాలుగు రోటర్ల ఇంజిన్. పోటీ నిబంధనల ప్రకారం మెర్సిడెస్, జాగ్వార్ల ప్రధాన బండ్లకి కనీస బరువు 1,000 కిలోలు, దీనికి 830. ముందున్న మెర్సిడెస్ చివరి గంటల్లో ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. మాజ్డా గెలిచింది, ల మాన్ గెలిచిన తొలి జపాన్ కంపెనీగా. చివరి వంతు నడిపిన జానీ హెర్బర్ట్ దిగగానే ఒంట్లో నీరు లేక కూలిపోయాడు, విజయ వేదిక ఎక్కలేకపోయాడు. రెండో జపాన్ కంపెనీ, అంటే టొయోటా, ఆ పోటీ గెలవడానికి 2018 దాకా పట్టింది.

ఇప్పుడు మాజ్డా3 సంగతి. మియాటా బుద్ధి దీనిలోకి ఎలా దిగిందో చూడండి. యాక్సిలరేటర్ పెడల్ పైనుంచి వేలాడదు, నేలకి అతుక్కుని ఉంటుంది. మడమ కదలకుండా పాదంతో సన్నగా నొక్కొచ్చు. 2016 నుంచి జీ-వెక్టరింగ్ కంట్రోల్ అని పెట్టారు. మీరు స్టీరింగ్ తిప్పడం మొదలెట్టగానే కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని రవ్వంత తగ్గిస్తుంది. అలా తగ్గితే బరువు కాస్త ముందు చక్రాల మీదికి వాలుతుంది, టైరు రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీకు తెలీదు, పక్కన కూర్చున్నవాళ్లకీ తెలీదు. కానీ హైవే మీద చీటికీమాటికీ స్టీరింగ్ సరిచేసుకునే పని తగ్గుతుంది, దూరం వెళ్లినా భుజాలు అలసిపోవు. పవర్ కన్నా ఇలాంటివే రోజూ పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

ఒక్క విషయం మాత్రం బాధగా ఉంది. డ్రైవర్ స్క్రీన్ వైపు చెయ్యి చాస్తే స్టీరింగ్ కూడా కదులుతోందని గమనించి, 2019 మాజ్డా3లో టచ్ స్క్రీన్ తీసేసి గుండ్రటి నాబ్ ఇచ్చారు. మాజ్డా ఎస్‌యూవీ అయిన కొత్త సీఎక్స్-5లో ఆ నాబ్ పోయి పెద్ద టచ్ స్క్రీన్ వచ్చింది. అమ్మకాల ఒత్తిడి అర్థం చేసుకోగలను. అయినా మొదటి నిర్ణయమే సరైంది అంటాను.

కొనాలనుకునేవాళ్లకి సూటిగా చెప్తాను. మాజ్డా3 వెనక సీటు ఇరుకు, కరోలా కన్నా గొప్ప మైలేజ్ ఏమీ ఇవ్వదు, డిక్కీ పెద్దది కాదు. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారంటే సీఎక్స్-5 చూడండి. సెకండ్ హ్యాండ్ మియాటా చూస్తుంటే, మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండిని పైకెత్తించి తలుపుల కింది అంచులు తుప్పు పట్టాయేమో చూడనిదే డబ్బు కట్టొద్దు. టెస్ట్ డ్రైవ్‌కి సేల్స్‌మన్ హైవే ఎక్కిద్దామంటే వద్దనండి. మలుపులున్న రెండు వరుసల రోడ్డు అడగండి. ముందు కరోలానీ, వెంటనే మాజ్డా3నీ అదే రోడ్డు మీద, అదే వేగంలో నడపండి. మలుపులో స్టీరింగ్‌ని ఎన్నిసార్లు దిద్దుకోవాల్సి వచ్చిందో రెండిట్లోనూ గమనించి, ఏం తేడా కనిపించిందో కింద రాయండి, నేను చదువుతాను.