గోదావరి నీళ్ల ముందు వేరియబుల్ ఎన్‌డీ: మూడు వారాలు వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారమండీ. ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ ఫిల్టర్ కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, నేను అడగలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి చూపించమన్నారు. కుదరదన్నాను, సరేనన్నారు. పేరు, మోడల్, ధర స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి. కోటింగ్ ఎన్ని పొరలు, రింగు ఏ లోహం లాంటివన్నీ ఈపాటికి మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. 82 ఎంఎం వేరియబుల్ ఎన్‌డీ, అంటే తిప్పేకొద్దీ కెమెరాలోకి వచ్చే వెలుగుని తగ్గించే ఫిల్టర్. 2 నుంచి 5 స్టాపులు తగ్గిస్తుంది, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది. లెన్స్‌కి అయస్కాంతంతో అతుక్కుంటుంది. నాకు కావాల్సింది అంతవరకే.

దీన్ని మూడు వారాలు వాడాను. ఒక షార్ట్ ఫిల్మ్, రెండు పెళ్లిళ్లు. షార్ట్ ఫిల్మ్ అంతా కోటిపల్లి రేవు దగ్గర, ముక్తేశ్వరం వెళ్లే పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, ఒక రోజు అంతర్వేదిలో. కెమెరా, లైట్లు, మేకప్ అన్నీ కలిపి ఏడుగురం. ఈ వీడియోలో ఎక్కువ సేపు నీళ్ల గురించే మాట్లాడతాను. గోదావరి జిల్లాలకి షూటింగుకి వచ్చిన ప్రతి డైరెక్టరుగారికీ వెనకాల నీళ్లు కావాలి కదండీ.

ఈ ఫిల్టర్ మీద నా అభిప్రాయం చెప్పాలంటే పాతది ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల క్రితం నా దగ్గర ఒక చవక వేరియబుల్ ఎన్‌డీ ఉండేది. దానికి ఎక్కడా ఆగే గుర్తు లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. మరీ ఎక్కువ తిప్పితే ఆకాశంలో ఇంటూ మార్కులా నల్లటి చార పడేది. వైడ్ లెన్స్ మీద ఇంకా ఘోరం. ఆ చార కనిపిస్తుంది కాబట్టి వెనక్కి తిప్పేవాణ్ణి. నన్ను నిజంగా దెబ్బతీసింది మాత్రం కంటికి కనబడనిది.

అదే పంటు మీద తండ్రీకూతుళ్ల సీను. అమ్మాయి అంచున కూర్చుంటుంది, కెమెరా కాస్త పైనుంచి ఆమెనీ వెనకాల నీళ్లనీ చూస్తుంది. మూడు గంటలకి వైడ్ తీశాం. పంటు అవతలికెళ్లి, జనాన్ని దింపి, మళ్లీ ఎక్కించుకుని వచ్చేసరికి నాలుగుంపావు. అప్పుడు క్లోజ్ తీశాం. వెలుగు తగ్గింది కాబట్టి మధ్యలో ఫిల్టర్ కొంచెం తిప్పాను. ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉంది, మానిటర్‌లో ఏ తేడా కనబడలేదు. ఎడిటింగ్‌లో రెండు షాట్లూ పక్కపక్కన పెడితే వైడ్‌లో నీళ్లు ముదురు ఆకుపచ్చగా, లోతుగా ఉన్నాయి. క్లోజ్‌లో ఆ అమ్మాయి వెనకాల తెల్లగా తళతళలాడుతున్నాయి. కలర్ చేసే ఆయన, "ఇవి రెండూ ఒకే రోజు తీసినవేనా అండీ?" అని అడిగారు. ఆ సీను ఇప్పటికీ చూడలేను.

ఎందుకలా అయిందో అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు మీకు చెబుతాను.

వేరియబుల్ ఎన్‌డీ అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పోలరైజర్ గ్లాసులు. పోలరైజర్ అంటే ఒకే దిశలో కంపించే వెలుగుని మాత్రమే వదిలే గ్లాసు. లెన్స్ వైపు గ్లాసు కదలదు, ముందు గ్లాసు తిరుగుతుంది. రెండింటి మధ్య కోణం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. సీన్ నుంచి వచ్చే వెలుగుని మొదట పట్టేది ఆ తిరిగే గ్లాసే. నీళ్ల మీద నుంచి ఏటవాలుగా వచ్చే మెరుపు చాలావరకు ఒకే దిశలో కంపించే వెలుగు. నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో చూస్తే పూర్తిగా అంతే. అంటే మీరు ఎక్స్‌పోజర్ కోసమని ముందు గ్లాసు తిప్పిన ప్రతిసారీ నీటి మెరుపుని కూడా మారుస్తున్నారు. దూరంగా, దాదాపు సమాంతరంగా కనిపించే నీళ్ల మీద ఈ ప్రభావం తక్కువ. పంటు మీద నిలబడి కిందికి చూసే షాట్లలో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొబ్బరాకు మీదా అంతే. ఆకు మీది మెరుపు పోతే పచ్చదనం చిక్కబడుతుంది, మెరుపు తిరిగొస్తే తెల్లబారుతుంది.

ఇంకొకటి. 2 నుంచి 3 స్టాపులకి ముందు గ్లాసుని తిప్పే లివర్ లెక్క ప్రకారం 15 డిగ్రీలు తిరగాలి. 3 నుంచి 4కి 9 డిగ్రీలు చాలు. 4 నుంచి 5కి 6 డిగ్రీలే. చీకటి చివరికి వెళ్లేకొద్దీ వేలు కాస్త వణికినా సగం స్టాప్ ఎగిరిపోతుంది. ఈ ఫిల్టర్ మీద గీతలు నిజాయితీగానే చెక్కారు, 4కీ 5కీ మధ్య బాగా దగ్గరగా ఉంటాయి. అన్నీ సమాన దూరంలో గీసిన ఫిల్టర్లూ చూశాను. వాటి అంకెల్ని నమ్మకండి. మానిటర్‌లో వెలుగు ఎంతుందో చూపించే గ్రాఫ్, అదే వేవ్‌ఫామ్ పెట్టుకుని, తెల్ల గోడ ముందు ఒక్కసారి మీరే కొలిచి చూసుకోండి. పది నిమిషాల పని.

ఇప్పుడు నన్ను ఆకట్టుకున్న సంగతి. డబ్బా మీద ఎక్కడా రాయలేదు, బహుశా తయారుచేసినవాళ్లు కూడా దీనికోసం అనుకుని ఉండరు. అయస్కాంతం! మరతో బిగించే ఫిల్టర్ మొత్తాన్ని తిప్పితే ఊడొస్తుంది. ఇది ఊడదు. లివర్ ఎక్కడుందో అక్కడే ఉంచి, ఫిల్టర్ మొత్తాన్ని లెన్స్ మీద గుండ్రంగా తిప్పొచ్చు. అప్పుడు రెండు గ్లాసుల మధ్య కోణం మారదు కాబట్టి ఎక్స్‌పోజర్ దాదాపు అలాగే ఉంటుంది, నీటి మెరుపు మాత్రం మారుతుంది. అంటే వెలుగు వేరు, మెరుపు వేరు, రెండింటినీ విడివిడిగా పట్టుకోవచ్చు! కోటిపల్లిలో ఇది మొదటిసారి గమనించినప్పుడు షాట్ ఆపి మరీ డైరెక్టరుగారిని మానిటర్ దగ్గరికి పిలిచి చూపించాను. "నీళ్లు ఎంత మెరవాలో చెప్పండి" అని ఒక సినిమాటోగ్రాఫర్ డైరెక్టర్‌ని అడగగలగడం చిన్న విషయం కాదు.

నన్ను విసిగించిందీ ఆ అయస్కాంతమే. లివర్ గట్టిగా ఉంది, అయస్కాంతం దానికంటే వదులుగా ఉంది. లివర్ నెడితే ఒక్కోసారి లివర్‌తో పాటు ఫిల్టర్ మొత్తం తిరిగిపోతుంది. మీరు 3 నుంచి 4కి వచ్చాననుకుంటారు. అంకె 3 దగ్గరే ఉంటుంది, మెరుపు మాత్రం మారిపోతుంది. మొదటి రోజు ఇలా రెండు టేకులు పోయాయి. ఒక చేత్తో ఫిల్టర్ ఒంటిని పట్టుకుని రెండో చేత్తో లివర్ తిప్పాలి. కెమెరా భుజం మీద ఉన్నప్పుడు ఆ రెండో చెయ్యి ఎక్కడి నుంచి తేవాలి? రింగు లోపల చిన్న గాడి పెట్టి ఉంటే సరిపోయేది. కంపెనీవాళ్లకి ఈ మాట రాసి పంపాను.

ఆ రెండో చెయ్యి అసిస్టెంట్‌ది. ఇక్కడే మీలో షార్ట్ ఫిల్ములు తీస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట చెప్పాలి. చాలామంది కెమెరామెన్ చేసే తప్పు ఏమిటంటే, రిహార్సల్ జరుగుతుంటే ఎవరికీ చెప్పకుండా వేలితో ఫిల్టర్ కొంచెం తిప్పేస్తారు. నేనూ చేశాను. ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలియదు, ఎక్కడా రాసి ఉండదు. మూడు గంటల తర్వాత అదే సీనులో ఇంకో షాట్ తీసేటప్పుడు ఎంతలో ఉందని అడిగితే జవాబు ఉండదు.

మా యూనిట్‌లో ఇప్పుడు ఫిల్టర్ నేను ముట్టుకోను. కెమెరా అసిస్టెంట్ అమ్మాయి ముట్టుకుంటుంది. నేను "నాలుగు చెయ్యమ్మా" అంటాను. ఆమె తిప్పి "నాలుగయిందన్నా" అని పైకి చెబుతుంది. ఆ మాట లెన్స్ ఫోకస్ చూసుకునే ఫోకస్ పుల్లర్‌కీ వినబడుతుంది, స్లేట్ దగ్గరున్న అసిస్టెంట్ డైరెక్టర్‌కీ వినబడుతుంది. ఆయన టేక్ నంబరు పక్కన రాసుకుంటాడు. ఫిల్టర్ ఒంటి మీద తెల్ల టేపు ముక్క ఒకటి, లెన్స్ మీద ఒకటి. అంకె అదే ఉండి, రెండు ముక్కలూ ఎదురెదురుగా ఉంటే మెరుపు మారలేదని అర్థం. ఈ లివర్‌కి చివర చిన్న బుడిపె ఉంది, చీకట్లోనూ వేలికి తగులుతుంది. రెండో రోజుకే ఆమె కళ్లతో చూడకుండా అంకె చెప్పేసింది. మూడో రోజు నేను 5 అడిగితే, "అన్నా, వైడ్‌లో నాలుగే పెట్టాం" అని ఆపింది. ఆ ఒక్క మాటతో సీను దక్కింది. నాలుగేళ్ల క్రితం పంటు మీద నా పక్కన ఉన్న కుర్రాడికీ ఆ తేడా కనబడే ఉండొచ్చు. చెప్పే వీలు నేనే ఇవ్వలేదు.

మేకప్ అన్నకీ ముందే చెప్పండి. మన దగ్గర ఉక్కకి నిలబడ్డ చోటే చెమట పడుతుంది. పోలరైజర్ ముఖం మీది మెరుపుని కూడా కోసేస్తుంది. అది తెలియకపోతే ఆయన మామూలు కంటితో చూసి పౌడర్ అద్దుతూనే ఉంటాడు. ఇటు ఫిల్టర్, అటు పౌడర్ కలిసి ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. ఆయన్ని మానిటర్‌లో చూసి అద్దమనండి.

లైట్లు చూసే బాబాయ్ సంగతి వేరు. ఆయన మబ్బు చూసి, "రెండు నిమిషాలు ఆగండి బాబూ, ఎండొచ్చేత్తాది" అంటే ఆగండి. మబ్బు వచ్చిన ప్రతిసారీ ఫిల్టర్‌తో వెంటపడితే ఒక సీనులో నీళ్లు ఐదు రకాలుగా వస్తాయి. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆగండి.

మధ్యాహ్నం ఎండ గురించి కంపెనీ మాట మాత్రం ఒప్పుకోను. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే ఫిల్టర్" అని డబ్బా మీద రాశారు. లెక్క చూడండి. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా సున్నితత్వం, 800 అయితే లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్ 16 దగ్గర షటర్ సెకనులో 1/800 వంతు ఉండాలి. మనకి కావాల్సింది 24 ఫ్రేములకి సరిపడే 1/50. అక్కడ నాలుగు స్టాపులు. ఎఫ్ 16 నుంచి, వెనకాల మసకగా వచ్చే ఎఫ్ 2.8కి వస్తే ఇంకో ఐదు. మొత్తం తొమ్మిది. ఈ ఫిల్టర్ ఇచ్చేది ఐదు. అంటే ఎఫ్ 11 దగ్గర తియ్యాలి, వెనకాల ఉన్న ప్రతి కొబ్బరిచెట్టూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వస్తుంది. ఐఎస్ఓ 200కి దించొచ్చు కదా అంటారు. లాగ్‌లో, అంటే రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతిలో తీస్తుంటే చాలా కెమెరాల్లో అలా దించినప్పుడు పైవైపు తెలుపు వివరాలు తగ్గిపోతాయి. పెళ్లికొడుకు తెల్ల పంచె మీద అంచు తప్ప ఏమీ మిగలదు. ఎండకి ఇంకో ఫిల్టర్ కొనక తప్పదు.

అంతర్వేదిలో గాలికి ఉప్పు తుంపర గ్లాసు మీద పడుతుంది. కండువాతో తుడవకండి. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, తర్వాత మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ వాడండి. ఈ ఫిల్టర్ పెడితే రంగు కాస్త వెచ్చగా మారుతుంది, వైట్ బ్యాలెన్స్‌తో సరిపోతుంది. ఇక అడ్వాన్సు ఇచ్చేముందు కాలువ షాట్లున్న కథలు ఎప్పుడు తీస్తారో చూసుకోండి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు. మే నెలలో యూనిట్‌తో దిగితే అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. వరదల టైములో వస్తే ఎర్రనీరు, అందులో మీరు ఏ ఫిల్టర్ తిప్పినా లోతు కనబడదు.

గోదావరి గట్టున ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన కుమారదేవం సినిమా చెట్టు గుర్తొస్తోంది. 2024 ఆగస్టులో పడిపోయింది. అసిస్టెంట్‌గా నా మొదటి రోజు ఆ చెట్టు కిందే. ముఖం నీడలో, వెనకాల గోదావరి ఎండలో. రెండింటినీ ఒకే ఫ్రేములో ఎలా పట్టుకోవాలో అర్థం కాక, మా గురువుగారు థర్మకోల్ షీటు నా చేతికిచ్చి ఎక్కడ నిలబడాలో చూపిస్తే, అరగంట కదలకుండా నిలబడ్డాను. ఆ రోజు ఫిల్టర్‌తో పని లేకుండానే షాట్ వచ్చింది. ఇప్పుడు అటు వెళ్తుంటే చూపు అటువైపు తిప్పలేను.

సరే, కొనాలా వద్దా? పెళ్లిళ్లు, డాక్యుమెంటరీలు, పడవ మీద చేత్తో పట్టుకుని తీసేవాళ్లు కొనండి. నీళ్లు వెనకాల పెట్టుకుని డైలాగ్ సీన్లు తీసేవాళ్లు మామూలు ఎన్‌డీలు రెండు మూడు కొనుక్కోవడం మేలు. అవి నీటి మెరుపుని మార్చవు. ఇంత చెప్పాక కూడా నేను మాత్రం దీన్ని వదులుకోలేను. మెరుపుని విడిగా తిప్పగలిగే ఆ సౌకర్యం చేతికొచ్చాక వెనక్కి వెళ్లబుద్ధి కావట్లేదు. పంటు మీద అయస్కాంతాన్ని నమ్మకండి. సన్నటి నైలాన్ తాడు ఒకటి ఫిల్టర్ రింగుకీ, లెన్స్ ముందుండే మ్యాట్ బాక్సుకీ కట్టండి, నేనైతే కట్టాను. గౌతమి పాయలో పడితే మళ్లీ దొరకదు.

మీ దగ్గర వేరే వేరియబుల్ ఎన్‌డీ ఉంటే గోళెంలో నీళ్లు పోసి, ఎండలో పెట్టి, లివర్ తిప్పుతూ ఒక నిమిషం తీసి చూడండి. ఏం కనిపించిందో కింద రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను. ఉంటానండీ.