మోన్‌షావ్: రద్దయిన జిల్లా, కాఫీ దొంగలు, పరాయి పట్టాలు

సుధ: అందరికీ నమస్కారం. ఈ వారం జర్మనీ పశ్చిమ అంచుకు వెళ్తున్నాం. 1972లో రద్దయిన మోన్‌షావ్ అనే పల్లెటూళ్ల జిల్లా కథ. చెప్పేది అక్కడి ఆఖెన్ నగరంలో చదువుకున్న రవి అన్న. అన్నా, నిజం చెప్పనా? రద్దయిన జిల్లా అనగానే గెజిట్ చదువుతావేమో అని కొంచెం టెన్షన్ పడ్డా.

రవి: అంత పని చెయ్యనులే! ఆఖెన్ దగ్గర వెన్‌బాన్ అని సైకిల్ దారి ఉంది. ఒకప్పుడు రైలు మార్గం, మొత్తం 125 కిలోమీటర్లు. మోన్‌షావ్ వైపు కొన్నిచోట్ల కుడి పక్క జర్మనీయే, ఎడమ పక్క జర్మనీయే. నీ టైర్ల కింద మాత్రం బెల్జియం.

సుధ: ఆగాగు. మధ్యలో బెల్జియం ఎక్కడిది?

రవి: అక్కడికే వస్తున్నా. నెపోలియన్ ఓడిపోయాక 1815లో ఈ ప్రాంతం ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి దక్కింది. మరుసటేడు వాళ్లు జిల్లాలు గీశారు. ఐఫెల్ కొండల్లో మోంజ్వా అనే చిన్న ఊరు ఒక జిల్లాకు కేంద్రమైంది. 1918లో కైసర్, అంటే జర్మన్ చక్రవర్తి, రెండో విల్హెల్మ్ ఆ ఫ్రెంచి పేరు తీయించి మోన్‌షావ్ అని పెట్టించాడు. అదే ఏడాది ఆయన సింహాసనమూ పోయింది, అది వేరే సంగతి.

సుధ: డబ్బున్న జిల్లానా?

రవి: ఊరిది ఒకప్పుడు బాగా డబ్బు. 18వ శతాబ్దంలో అక్కడి ఉన్ని బట్టకు మంచి గిరాకీ. షైబ్లర్ అనే వ్యాపారి కట్టించిన ‘ఎర్ర ఇల్లు’ ఇప్పుడు మ్యూజియం. అందులో ఓక్ కర్రతో చేసిన మెట్లున్నాయి, మెలి తిరుగుతూ మూడు అంతస్తులు పైకి పోతాయి. మెట్ల పక్కన చెక్కడాలు చూడాలి. బొద్దుగా ఉన్న బుజ్జి పిల్లలు ఉన్ని కడుగుతుంటారు, రంగు వేస్తుంటారు, నేస్తుంటారు. బట్ట తయారీ మొత్తం 21 దృశ్యాలు! నిజంగా ఆ పని చేసిన కూలీల ముఖాలు అంత బొద్దుగా ఉండి ఉండవు. తర్వాత ఆ వ్యాపారం చితికిపోయింది. చుట్టూ ఉన్న పల్లెలు ఎప్పుడూ పేదవే. రాళ్ల నేల, చలి, బురద మైదానాలు.

సుధ: మరి రైలు?

రవి: 1885లో ప్రష్యావాళ్లే వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ఓడాక, వెర్సాయి ఒప్పందం ప్రకారం పక్క జిల్లాలు ఓయ్‌పెన్, మాల్మెడీ 1920లో బెల్జియంకి పోయాయి. ఆ రెంటినీ కలిపే రైలు మాత్రం మధ్యమధ్యలో మోన్‌షావ్ జిల్లాలోంచి వెళ్తుంది. రైలు లేకపోతే మాకు ఆ భూమి ఎందుకని బెల్జియం పట్టుబట్టింది. సరిహద్దు కమిషన్ పట్టాలూ స్టేషన్లూ వాళ్లకే ఇచ్చేసింది. అంతే, పట్టాలకు పడమటి వైపున్న మ్యూట్సెనిచ్ లాంటి పల్లెలు మిగతా జర్మనీ నుంచి తెగిపోయాయి. అలాంటి ముక్కలు ఇప్పటికీ ఐదున్నాయి. రైళ్లు ఆగిపోయినా పట్టాలున్న నేల బెల్జియందే.

సుధ: రెండో యుద్ధంలో ఇదంతా సరిహద్దేగా?

రవి: మొదటి దెబ్బ తగిలిందే ఇక్కడ. 1944 సెప్టెంబర్ 12న అమెరికన్ సైన్యం ఈ జిల్లాలోని రొట్గెన్‌లోకి వచ్చింది. పశ్చిమం నుంచి వచ్చిన మిత్రసేనలకు చిక్కిన మొదటి జర్మన్ ఊరు అది. తర్వాత హుర్ట్‌గెన్ అడవి యుద్ధం. ఇదే జిల్లాలోని ష్మిట్ అనే పల్లెను నవంబర్ 3న అమెరికన్లు పట్టుకున్నారు, మర్నాడే పోగొట్టుకున్నారు. మళ్లీ చేజిక్కింది 1945 ఫిబ్రవరిలో. అప్పటికి ఊరూ లేదు, చర్చీ లేదు. విచిత్రం ఏంటంటే మోన్‌షావ్ పట్టణం దాదాపు చెక్కు చెదరలేదు.

సుధ: ఇక కాఫీ సంగతి చెప్పు, అదేగా అసలు కథ!

రవి: అసలు కథే మరి. యుద్ధం తర్వాత జర్మనీలో కిలో కాఫీ మీద 10 మార్కుల పన్ను. బెల్జియంలో కాఫీ చవక. మధ్యలో ఈ సరిహద్దు. ఆకలితో ఉన్న పల్లెలు ఏం చేస్తాయి? పిల్లలతో సహా మోశారు. తర్వాత ముఠాలు దిగాయి. వెంటపడే కస్టమ్స్ జీపుల టైర్లు పంక్చర్ చేయడానికి రోడ్డు మీద ఇనుప ముళ్లు చల్లేవాళ్లు. కస్టమ్స్‌వాళ్లేమో పోర్షే కారు ముందు చీపుర్లు కట్టించారు, ముళ్లు ఊడ్చుకుంటూ తరమడానికి!

సుధ: పోర్షేకి చీపుర్లా!

రవి: నవ్వుతాం గానీ కాల్పుల్లో మనుషులు పోయారు. నేను పల్లెల పక్షమే. గీతలు గీసింది వాళ్లు కాదు కదా. ష్మిట్ చర్చిని మళ్లీ కట్టడంలో ఆ కాఫీ డబ్బు చాలానే పడిందంటారు, అందుకే దాన్ని ముద్దుగా ‘సెయింట్ మోకా’ అని పిలుస్తారు, మోకా అంటే కాఫీయే. 1953లో పన్ను బాగా తగ్గించారు, దందా దానంతటదే చల్లబడింది.

సుధ: మరి జిల్లాను ఎందుకు తీసేశారు?

రవి: చిన్న జిల్లాలు ఖర్చు దండగ, పెద్దవి చేద్దాం అని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంది. 1972 జనవరి 1న మోన్‌షావ్, జిమ్మెరాట్, రొట్గెన్ ఆఖెన్ జిల్లాలో కలిశాయి, ష్మిట్ డ్యూరెన్ జిల్లాకి పోయింది. ఆ ఆఖెన్ జిల్లా కూడా 2009లో రద్దయింది, నగరంతో కలిపి కొత్త పాలనా ప్రాంతం చేశారు.

సుధ: అంటే ఇప్పుడు పేరు కూడా మిగల్లేదు.

రవి: కార్ల మీద ఉంది! 2012లో జర్మనీ రూల్ మార్చి పాత జిల్లాల నంబర్ ప్లేట్లకు మళ్లీ వీలు కల్పించింది. మోన్‌షావ్ పేరులోని మొదటి అక్షరాలతో ఎం-ఓ-ఎన్ ప్లేటు తిరిగొచ్చింది. రిజిస్ట్రేషన్ అప్పుడు అడిగి మరీ తీసుకోవచ్చు.