రొయ్య పెంకు, మోకాలి గుజ్జు

శ్రోతలకు నమస్కారం.

మా పిన్ని భీమవరం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేసింది. పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా తడినేల మీద నిలబడి తలలు తీయడం, పెంకు ఒలవడం. ఇప్పుడు అరుగు మీద నుంచి లేవాలంటే ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి ఆనించి, ఊపిరి బిగబట్టి లేస్తుంది. లేచాక వెంటనే అడుగు వెయ్యదు. మోకాలు కుదురుకునేదాకా అలాగే నిలబడుతుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు "గుజ్జు అరిగిపోయిందమ్మా" అన్నారు.

నాట్లు వేసి వేసి నడుములు వంగిన మన డెల్టాలో ఈ మాట వినని ఇల్లు లేదేమో. 2019లో ప్రపంచం మొత్తం మీద ఈ కీళ్ల అరుగుదలతో 52 కోట్ల 80 లక్షల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో నూటికి అరవై మంది ఆడవాళ్లే.

గుజ్జు అని మనం అనేది ఎముకల చివర ఉండే నున్నటి మృదులాస్థిని. మోకాలిలో దాని మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. దానికి రక్తనాళాలు లేవు. అంటే కాలువ లేని శివారు చేను లాంటిది. ధవళేశ్వరంలో ఎంత నీరు వదిలినా శివారుకి చేరడం ఎంత కష్టమో మనకి తెలుసు కదా. గుజ్జుకి ఊటే ఆధారం. అడుగు వేసినప్పుడు బరువుకి పిండినట్టయి ద్రవం బయటికొస్తుంది, కాలు ఎత్తగానే మళ్లీ లోపలికి ఊరుతుంది. అందుకే మింగిన మాత్ర అక్కడిదాకా అంతంతమాత్రంగానే చేరుతుంది. నేరుగా మోకాలిలోకి ఇంజెక్షన్ చేసినా, చాలా మందులు కొన్ని గంటల్లో, మహా అయితే కొన్ని రోజుల్లో కీలు నుంచి బయటికి పోతాయి.

నానో పదార్థాల మీద ఆశ పుట్టింది ఇక్కడే. నానో అనేది మందు పేరు కాదు, కొలత. తలవెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు. గుజ్జు లోపల సన్నని పీచుల అల్లిక వలలా ఉంటుంది, ఆ వల కన్నులు కొద్ది నానోమీటర్లే. పైగా గుజ్జుకి రుణావేశం, అంటే నెగటివ్ చార్జ్ ఉంటుంది. దానికి ఎదురైన ధనావేశాన్ని, అంటే పాజిటివ్ చార్జ్‌ని, అది ఆకర్షిస్తుంది. కాబట్టి ధనావేశం ఉన్న అతి చిన్న కణానికి మందు తగిలిస్తే, గుజ్జే దాన్ని లోపలికి లాక్కుంటుంది. అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2018లో ఇలాగే, మృదులాస్థి పెరగడానికి తోడ్పడే ఒక ప్రోటీన్‌ని ఎలుకల మోకాళ్లలోకి పంపారు. మందు నెల్లాళ్లు నిలిచింది, అరుగుదల తగ్గింది. 2024లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు నానో పోగులుగా అల్లుకునే ఒక పదార్థంతో గొర్రెల మోకాళ్లలో దెబ్బతిన్న చోట ఆరు నెలల్లో కొత్త మృదులాస్థిని పెంచి చూపించారు.

ఇలాంటి పనికి పరిశోధనల్లో వాడుతున్న పదార్థాల్లో కైటోసాన్ ఒకటి. అది రొయ్య, పీత పెంకుల నుంచి తీసేదే. కాస్త పులుపున్న ద్రవంలో కరిగినప్పుడు దానికి ధనావేశం వస్తుంది, మందు మోసే నానో కణాలుగా కూడా మలచవచ్చు. ఈ సంగతి చెబితే పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బుట్టలకి బుట్టలు పారబోశాం కదరా" అంది.

కానీ ఇవన్నీ ఇంకా ఎలుకల దగ్గర, గొర్రెల దగ్గర ఉన్న సంగతులు. పిన్నికి రేపు ఇప్పించగల చికిత్స కాదు. దయచేసి, ఫోన్లో ప్రకటన చూసి "నానో" అని రాసి ఉన్న నూనెలకీ పొడులకీ వేలు పోయకండి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండ బలపడితే నొప్పి తగ్గుతుంది. ఈ రెండూ నిరూపణ అయిన సంగతులు.

పిన్ని ఇప్పుడు రోజూ పొద్దున వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కో కాలే ముందుకి చాపి, పైకి ఆపి లెక్కపెడుతోంది. మొదట్లో ఐదు అనేసరికి కాలు వణికేది. నిన్న పది దాకా వచ్చింది.